వీధంత ఖాళీ: ఒక మత్స్యకార గ్రామంలో అల్లిన రెండు వలల కేస్ స్టడీ

శ్రీకాకుళం నుంచి ఆటోలో గంటలోపు చేరుకోగల ఒక సముద్రపు ఒడ్డు గ్రామంలో నవంబరు నుంచి మార్చి దాకా ఐదు నెలలు పనిచేశాను. చివరికి తయారైనవి రెండు వలలు. ఒకటి 11 మీటర్ల పొడవు, రెండోది 7 మీటర్లు. రెండూ నూలుతో అల్లినవే, వేటకు పనికిరావు. వాటిని ఎదురెదురుగా కట్టి, మధ్యలో 5 మీటర్ల 40 సెంటీమీటర్ల ఖాళీ వదిలాం. చూసినవాళ్లలో చాలామంది వలల గురించి అడిగారు. నేను ఎక్కువగా రాయాలనుకుంటున్నది ఆ ఖాళీ గురించి. ఎందుకంటే ఈ పని మొదలుపెట్టినప్పుడు అది నా ఆలోచనలోనే లేదు.

ఊరి పేరు రాయడం లేదు. ఆ వీధిలో ఇప్పుడూ జనం నడుస్తున్నారు, రేపూ నడవాలి.

ఎక్కడి నుంచి వచ్చింది

మా జిల్లాలో పుట్టినవాళ్లకి సరిహద్దు అనేది మ్యాపులో చూసి నేర్చుకునే విషయం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండుగా కోశారు. పర్లాకిమిడి పట్టణం అటు పోయింది. పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలాయి. మా నాయనమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి. ఆవిడ చనిపోయేదాకా "ఊరెళ్లొస్తాను" అనేది. ఒడిశా వెళ్తున్నానని ఒక్కసారి కూడా అనలేదు. సాలూరు పైన కొండల్లో కొటియా పల్లెల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఇంకా తెగలేదు. అక్కడి 21 గ్రామాల్లో రెండు రాష్ట్రాల కార్డులూ దాచుకున్న ఇళ్లు ఉన్నాయి. మా ముందు తరాలు "రంగం" వెళ్లాయి. బర్మాలోని రంగూన్‌ని మా పెద్దవాళ్లు రంగం అనే పిలిచేవారు. 1941 డిసెంబరులో ఆ ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాక, 1942లో అడవుల గుండా నడిచి వచ్చినవాళ్ల కథలు మా వీధి అరుగుల మీద నేను విన్నాను.

ఇప్పటి తరం గుజరాత్‌లోని వెరావల్ రేవుకి వెళ్తుంది. ఆగస్టు వచ్చేసరికి ఆముదాలవలస స్టేషన్‌లో సంచులతో, చుట్టిన చాపలతో గుంపులు కనిపిస్తాయి. దాదాపు రెండు రోజుల ప్రయాణం. గుజరాత్ బోట్ల మీద తండేళ్లుగా (బోటు నడిపే పెద్దలు), కలాసీలుగా పనిచేసి ఏప్రిల్‌లోనో మే నెలలోనో తిరిగొస్తారు. ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఆ తొమ్మిది నెలల్లో తీరాలి.

2018 నవంబరు చివర్లో మన జిల్లాల మత్స్యకారులు ఉన్న బోట్లను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. వాళ్లను కరాచీ జైల్లో పెట్టారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా వచ్చారు. ఆ రోజు టీవీ చూస్తూ నేను ఏడ్చాను. ఈ పని విత్తనం అదే. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం వాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, 2008 ఒప్పందం ప్రకారం. ఇంటి మనిషి పేరు ఆ కాగితంలో ఉందా లేదా అని ఒడ్డున కూర్చున్న ఒక ఆడమనిషి ఎదురుచూడటం అంటే ఏమిటో, దాన్ని బొమ్మగా ఎలా పెట్టాలో తెలియక చాలాకాలం తిరిగాను.

ఒక నిర్ణయం మాత్రం మొదట్లోనే తీసుకున్నాను. ఆ 2018 కుటుంబాల దగ్గరికి వెళ్లకూడదు. వాళ్ల గుమ్మాల ముందు మైకులు చాలాసార్లు నిలబడ్డాయి. ఒకే కష్టాన్ని పదిసార్లు చెప్పించడం కూడా ఒక రకం కష్టపెట్టడమే. జైలుకు వెళ్లని ఇళ్లలో, ప్రతి ఏడూ జరిగే మామూలు ఎదురుచూపు మీద పనిచేద్దామనుకున్నాను. ఇప్పుడు వెనక్కి చూస్తే, ఈ పనిలో నేను సరిగ్గా తీసుకున్న మొదటి నిర్ణయం అదొక్కటే అనిపిస్తుంది.

ఎర్ర తాడు

ఆర్ట్స్ గ్రాంటు 2,20,000 రూపాయలు వచ్చింది. దరఖాస్తులో నేను రాసింది ఇది: ఒడ్డుకు దగ్గరగా సముద్రంలో 200 మీటర్ల ఎర్ర తాడు బెండ్ల మీద తేలుతూ ఉంటుంది. అది కనిపించని సరిహద్దును కనిపించేలా చేస్తుంది.

ఈ ఊహ నాది కాదు, అరువు తెచ్చుకున్నది. ఫ్రాన్సిస్ అలీస్ అనే కళాకారుడు 2004లో జెరూసలేంలో కారుతున్న పచ్చరంగు డబ్బా పట్టుకుని, 1949 యుద్ధ విరమణ గీత వెంట నడిచాడు. 58 లీటర్ల రంగు, 24 కిలోమీటర్లు. చదువుకునే రోజుల్లో ఆ వీడియో చూసి రెండు రోజులు నిద్రపోలేదు. ఒక్క మనిషి నడక ఒక దేశపు గీత ఎంత పలచనో చూపించగలదని అప్పుడే తెలిసింది. కానీ ఆ గీత ఆ నగరంలో అందరికీ తెలిసిన గీత. మా ఒడ్డున అలాంటిది లేదు.

డిసెంబరు మొదటి వారంలో తాడు వేశాం. అరగంటలో పక్క పేట నుంచి నలుగురు పెద్దవాళ్లు పరిగెత్తుకొచ్చి తాడు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. అలివి వల, అంటే ఒడ్డు నుంచి జనమంతా కలిసి లాగే పెద్ద వల, వేశారనుకున్నారు. అలివి లాగుతుంటే చేయి వేసినవాళ్లకి వాటా ఉంటుంది. తాడు చివర ఏమీ లేదని తెలిశాక వాళ్లు నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. చేపలు సరిగా పడని కాలంలో ఆశపెట్టాను.

సాయంత్రం ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఆమె ఇద్దరు కొడుకులూ వెరావల్‌లో ఉన్నారు.

"గీత ఎర్రగా ఉంటాదా అమ్మా?"

"లేదు పిన్నీ. కనబడదు. కనబడేలా చేద్దామని..."

"కనబడితే మావోలు దాటుతారేటి? గీతుందని జైల్లో కూకున్నాక తెలుస్తాది. నువ్వు కనబడేలా సేసేస్తే అది ఏరే కథయిపోద్ది."

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. భారత్, పాకిస్తాన్ మధ్య సర్ క్రీక్ అనే ఉప్పునీటి పాయ దగ్గర సముద్ర సరిహద్దు ఇప్పటికీ తేలలేదు. చేపల వెనక వెళ్లే బోటుకి నీళ్లంతా ఒకటే. అక్కడ జరిగే అన్యాయమంతా ఆ గీత కనబడకపోవడంలోనే ఉంది. నేను దాన్ని ఎర్రటి తాడుగా మార్చి ఫొటోకి అందంగా చేయబోయాను. మర్నాడు తాడు తీయించి, బెండ్లన్నీ ఊరివాళ్లకే ఇచ్చేశాను.

తర్వాత మ్యాపులు తెచ్చాను. మొరాకో మూలాలున్న బుష్రా ఖలీలి 2008, 2011 మధ్య చేసిన ఎనిమిది వీడియోల పని ఒకటి ఉంది. వాటిలో మనుషుల ముఖాలు కనబడవు. మ్యాపు మీద మార్కర్ పట్టుకున్న చెయ్యి, సరిహద్దులు దాటి తను వచ్చిన దారి గీస్తుంటుంది, గొంతు వినిపిస్తుంది. అంతే. నాకు అది చాలా గౌరవమైన పద్ధతిగా కనిపించింది. కానీ ఇక్కడ దారి నడిచిన మగవాళ్లు ఊళ్లో లేరు. నేను వెళ్లిన నెలలే అలాంటివి. ఉన్నది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. మ్యాపు ముందు పెడితే ఆడవాళ్లు మర్యాదగా చూసి, వేలు ఎక్కడ పెట్టాలో తెలియక చెయ్యి వెనక్కి తీసుకునేవారు. వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. కదిలిన మనిషి దారి మ్యాపు మీద పడుతుంది. కదలకుండా ఎదురుచూసిన మనిషికి దారి ఎక్కడిది?

కన్నులు, కన్నాలు

ఆ ప్రశ్నకు సమాధానం ఒకావిడ మాటల్లో దొరికింది. ఆమె గుమ్మంలో పాత వల ఒకటి కోళ్లగూటి మీద కప్పి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాని కన్నులు, అంటే ముడుల మధ్య గళ్లు, వేలితో లెక్కపెడుతోంది. "ఆగస్టు పదిన ఎల్లినారు. ఇది పది, ఇది పదకొండు..." అని ఒక్కో కన్ను దాటుతూ, ఒకచోట ఆగి, "ఇక్కడ ఫోను లేదు" అంది. అక్కడ వల చినిగి కన్నం పడి ఉంది. ఆమె దాన్ని చూసి అన్నదో, ఊరికే కుదిరిందో నేను అడగలేదు.

బోటు వేటకు లోపలికి వెళ్తే పదిహేను, ఇరవై రోజులు సిగ్నల్ ఉండదు. హార్బర్‌కి తిరిగొచ్చాక ఫోను వస్తుంది. ఆ ఊరి ఆడవాళ్ల నెలలు అలాగే నడుస్తాయి. అందుకని పద్ధతి ఇలా కుదిరింది: రోజుకి ఒక వరస. ఒక్కో మనిషికి వరసలో నాలుగు కన్నులు. ఫోను వచ్చిన రోజు కన్నులు అల్లుతారు. రాని రోజు అల్లరు, దారం వదిలేసి తర్వాతి రోజుకి వెళ్తారు. నేను మొదట రంగులు అనుకున్నాను, నీలం, తెలుపు, ఇలా. వాళ్లే వద్దన్నారు. "కన్నముంటే సేప పోద్ది. అదే కదా లెక్క" అన్నారు. నా రంగుల కంటే అది ఎంత సూటిగా ఉందో చెప్పనక్కరలేదు.

కానీ వల అల్లడం ఆ ఊళ్లో మగవాళ్ల పని. ఆడవాళ్లు చేపలు ఎండబెడతారు, గంపలెత్తుకుని అమ్ముతారు, వల మాత్రం ముట్టరు, దాటరు. ఒక పెద్దాయన కోపంగానే వచ్చి, వలను ఆడది దాటితే వేట పడదన్నది తమ తాతల నాటి మాట అన్నాడు. నేను వాదించలేదు. నాతో వాదనలో ఆయన ఓడిపోయినా, రేపు సముద్రంలో కొడుక్కి ఏదైనా జరిగితే ఆ నింద ఇంటి కోడలి మీద పడుతుంది. రెండు రోజులు పని ఆపేశాం.

దారి చూపించింది ఇంకో ముసలాయన. నైలాన్ రాకముందు నూలు వలలు వాడేవారని, బెరడు ఉడికించిన నీళ్లలో నానబెట్టేవారని ఆయనకు గుర్తుంది. "నూలుతో అల్లుకోండి. నానబెట్టకుండా ఒగ్గీండి. అది వల కాదు, నీళ్లల్ల పెడితే నాలుగు రోజులకి కుళ్లిపోద్ది" అన్నాడు. పనికిరాని వల అయితే దోషం లేదు. అందరూ ఒప్పుకున్నారు.

నూలు కోసం పొందూరు వెళ్లాను. పొందూరు ఖద్దరు గురించి మనవాళ్లందరికీ తెలుసు. కానీ అక్కడ పత్తిని ఏకడానికి వాడే పనిముట్టును దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. వాలుగ చేప దవడ ఎముక అది. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో గింజ చుట్టూ ఉన్న పత్తిని దువ్వి, దూది తీసి, ఏకులు చేసి, రాట్నం మీద నూరో నంబరు నూలు దాకా తీస్తారు. చేప పళ్లతో దువ్విన నూలు, చేపలు పట్టే ఊరికి వల అవుతుందన్న సంగతి నాకు బస్సులో తిరిగొస్తుంటే తట్టింది. నూలు చిలపలు (చుట్టలు) ఉన్న సంచీని ఒళ్లో పెట్టుకుని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. సన్నం నూలు ముడి దగ్గర తెగిపోయేది. చాలా పోగులు కలిపి పురి పెట్టాక గానీ నిలవలేదు. పురి పెట్టడానికే పన్నెండు రోజులు పట్టింది.

కూలీ సంగతి కూడా రాయాలి. ఇలాంటి పనుల్లో అది ఎవరూ రాయరు. వరసకి ఇంత అని ఇద్దామనుకున్నాను. అప్పుడు ఒక అమ్మాయి, పెళ్లయి ఏడాది కాలేదు, చాలా నెమ్మదిగా అడిగింది: "మరి కన్నానికి కూలి ఉందా అక్కా?" ఆ రోజు మా దగ్గర ఎవరూ కాసేపు మాట్లాడలేదు. కన్నానికీ కూలీ ఉండాలి. ఎదురుచూపు కూడా పనే. వరసల లెక్క తీసేసి, మనిషికి నెలకు 2,000 రూపాయలు, రెండున్నర నెలలు ఇచ్చాం. గ్రాంటులో సగానికి పైగా అందుకే పోయింది. ఇంకా ఎక్కువ ఇవ్వాల్సింది.

పందిరి

ఇక్కడి నుంచి చెప్పేది నా తప్పు.

మత్స్యకారుల పేట పక్కనే, సీసీ రోడ్డుకి అవతల, ఎస్సీ కాలనీ ఉంది. ఆ ఇళ్లలోనూ మగవాళ్లు ఉండరు. హైదరాబాద్, చెన్నైలలో బిల్డింగ్ పనులకు వెళ్తారు. కొన్ని ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ వెళ్లి, పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉంటారు. ఎదురుచూపు ఇక్కడా ఉందని నేను కాలనీ ఆడవాళ్లని కూడా పిలిచాను. మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు. అల్లకం నేర్చుకుందామని పేట ఆడవాళ్లు పద్నాలుగు మంది. అందరం గంగమ్మ గుడి పక్కన తాటాకు పందిట్లో కలిశాం. ఆ చోటు నేనే ఎంచుకున్నాను. నీడ ఉంది, గాలి వస్తుంది, వల కట్టుకోవడానికి గుంజలు ఉన్నాయి.

రెండో రోజు ఐదుగురు వచ్చారు. మూడో రోజు ఎవరూ రాలేదు.

కోతల పనులు అనుకున్నాను. నాలుగో రోజు కాలనీకి వెళ్లి అడిగాను. వాళ్లలో పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పింది:

"రావొద్దని ఎవులూ అన్లేదమ్మా. కూకోమని కూడా ఎవులూ అన్లేదు."

మొదటి రోజు ఫొటోలు తీశాను కదా, రాత్రి తెరిచి చూశాను. పద్నాలుగు మంది పందిరి మధ్యలో ఉన్నారు. తొమ్మిది మంది పందిరి అంచున, నీడ ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ, సగం ఎండలో నిలబడి ఉన్నారు. ఆ రోజు నేను అక్కడే రెండు గంటలు ఉన్నాను. నా కళ్లకు ఆ గీత కనబడలేదు. వెరావల్ అవతల సముద్రంలో కనబడని గీత గురించి గ్రాంటు రాసిన నేను, నా చెప్పులకు రెండు అడుగుల దూరంలో ఉన్న గీతను చూడలేదు. కారణం నాకు తెలుసు. నేను పుట్టిన ఇంటి వల్ల, ఈ జిల్లాలో ఏ గుడి పందిరీ ఎప్పుడూ నన్ను ఆపలేదు. ఎవరూ ఆపనివాళ్లకి గడప కనబడదు.

పేట ఆడవాళ్లు చెడ్డవాళ్లని రాయడం లేదు. వాళ్లు పట్నంలో చేపల గంప దించితే ఎంత దూరం నుంచి బేరమాడతారో, వాసన అని ఎలా జరుగుతారో నాతోనే చెప్పుకున్నారు. తమకు తగిలిన గీత వాళ్లకి బాగా తెలుసు. తాము గీసే గీత తెలియదు. ఈ విషయం పందిట్లో ఎత్తితే ముందు నిశ్శబ్దం, తర్వాత ఒకావిడ, "వాళ్లే దూరంగా ఉంటారమ్మా, అలవాటు" అంది. చోటు మార్చుదాం అన్నాను. కొందరు సరేనన్నారు, కొందరు గుడి దగ్గర మొదలైన పని ఇంకోచోటికి తీసుకెళ్లకూడదన్నారు.

కాలనీ ఆడవాళ్లు తమ కమ్యూనిటీ హాలు వరండాలో అల్లుకుంటామన్నారు. అలా వలలు రెండయ్యాయి. నేను ఉదయం పందిట్లో, మధ్యాహ్నం వరండాలో ఉండేదాన్ని. రోజూ రెండుసార్లు ఆ రోడ్డు దాటేదాన్ని.

రెండో వల వేరేగా తయారైంది. చెన్నై నుంచి ఫోను రోజూ వస్తుంది. కాబట్టి కన్నాలు తక్కువ. కానీ మేస్త్రీ కూలీ ఇవ్వని వారాలు ఉంటాయి. పని లేక గదిలో కూర్చున్న రోజులు ఉంటాయి. ఆ రోజులకి వాళ్లు కన్ను మీద ఇంకో ముడి, దాని మీద ఇంకో ముడి వేశారు. చోట్లు చోట్లుగా వల గట్టిపడి, బరువెక్కి, కిందికి వేలాడింది. పేట వలలో కన్ను 5 సెంటీమీటర్లు, ఇక్కడ 4. పేట లెక్క ఆగస్టు నుంచి, ఇక్కడ దసరా నుంచి. మార్చి మూడో వారానికి మొదటిది 220 వరసలు దాటింది, రెండోది 175 దగ్గర ఉంది. మొదటి నెలలన్నీ ఫోన్లలో కాల్ లిస్టులు చూసి, చూడలేనివి జ్ఞాపకం మీద అల్లినవి. సంక్రాంతి తర్వాతవి మాత్రం ఏ రోజు వరస ఆ రోజు. 2020 లాక్‌డౌన్‌లో వెరావల్ హార్బర్‌లో బోట్ల మీదే వేల మంది చిక్కుపడి, బస్సుల్లో ఇళ్లు చేరిన సంగతి పందిట్లో చాలాసార్లు వచ్చింది. దానికీ ఒక వల అల్లాలి అన్నారు. అది ఇంకో ఏడాది పని.

5.40

ముగింపు కోసం నా మనసులో ఒక బొమ్మ ఉండేది. పేట ఆడవాళ్లు, కాలనీ ఆడవాళ్లు రెండు వైపుల నుంచీ వచ్చి, రెండు వలల్నీ ఒక్క దారంతో కలిపి కుడతారు. గ్రాంటు ఇచ్చినవాళ్లకి చెప్తే చాలా ఇష్టపడ్డారు. నిజం చెప్పాలంటే నాకూ ఇష్టమే. పందిరి దగ్గర చేసిన తప్పు ఆ కుట్టుతో పోతుందని ఆశపడ్డాను.

వరండాలో ఈ మాట చెప్పినప్పుడు పెద్దావిడ అల్లుతున్న సూది ఆపింది.

"కలిపీసి కుట్టీస్తే ఫొటోలో బాగుంటాదమ్మా. రేపు మేము ఆ పందిట్ల కూకోగలమా?"

నా దగ్గర జవాబు లేదు.

"మరయితే కుట్టొద్దు. ఎంతుందో అంతా ఉంచు."

ఎంత ఉందో అంత. ఆ మాటే ఈ పనికి కొలత అయింది. మర్నాడు పొద్దున్న టేపు తీసుకుని, ఆమె ఒక చివర, ఏడో తరగతి చదివే ఆమె మనవడు ఇంకో చివర పట్టుకుని, రెండు వైపులా కాలువలతో సహా రోడ్డు వెడల్పు కొలిచాం. 5 మీటర్ల 40.

లండన్‌లోని టేట్ మోడర్న్‌లో 2007లో కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో హాలు నేల పొడుగునా 167 మీటర్ల పగులు చేసింది. బయటివాళ్లుగా బతికేవాళ్ల అనుభవం గురించిన పని అది. ప్రదర్శన అయ్యాక పగులును పూడ్చేశారు, కానీ దాని మచ్చ నేల మీద ఇంకా కనిపిస్తుందట. నేను అక్కడికి వెళ్లలేదు, ఫొటోలే చూశాను. ఆ ఫొటోల్లో మనుషులు పగులుకి అటో కాలు, ఇటో కాలు వేసి కిందికి తొంగిచూస్తుంటారు. పగులు అంటే విడదీసేది అనుకుంటాం. కానీ అందరూ ఒకే చోట చేరి చూసేది కూడా అదే. టేపు చుట్టుకుంటుంటే నాకు ఆ ఫొటోలు గుర్తొచ్చాయి. కలిపి కుట్టిన వల ముందు జనం చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. 5.40 ఖాళీ ముందు, అటు వెళ్లాలా ఇటు వెళ్లాలా అని కాసేపైనా ఆగుతారు.

బడి ఆవరణ

ఎక్కడ కట్టాలి అనేదే పెద్ద సమస్య. పందిరి కాదు, వరండా కాదు. ఒడ్డున కడదామంటే కాలనీవాళ్లు ఒడ్డుకు పనిలేకుండా రారు. ఈసారి చోటు నేను ఎంచుకోలేదు. "ఈ ఊళ్లో మీరు ఇబ్బంది లేకుండా నిలబడే చోటు ఏది?" అని రెండు వైపులా విడివిడిగా అడిగాను. రెండు వైపుల నుంచీ ఒకే జవాబు వచ్చింది. బడి. పిల్లలు అక్కడ పక్కపక్కన కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తారు.

మార్చి చివరి ఆదివారం వెదురు గుంజలు పాతి, రెండు వలలూ ఎదురెదురుగా కట్టాం. సముద్రపు గాలికి పేట వల తెరచాపలా ఉబ్బి, ఒకచోట తాడు తెగింది. మళ్లీ కట్టాం. ముందు పిల్లలు పరిగెత్తారు, ఖాళీలోంచే. వాళ్లకి అది పరిగెత్తడానికి సరిపోయే చోటు.

పెద్దవాళ్లు ఎవరి వల దగ్గర వాళ్లు చాలాసేపు ఉన్నారు. తమ నాలుగు కన్నుల వరుస ఎక్కడుందో వెతుక్కుని, పక్కింటివాళ్లకి చూపించుకున్నారు. అవతలి వల చూడాలనుకున్నవాళ్లు కూడా చాలామంది చుట్టూ తిరిగి వెళ్లారు. ఖాళీలోంచి నడిచిన పెద్దవాళ్లను సాయంత్రం దాకా లెక్కపెట్టాను. పదకొండు మంది.

వాళ్లలో ఒకరు, మొదట్లో కోళ్లగూటి వల మీద రోజులు లెక్కపెట్టినావిడ. ఆమె కాలనీ వల ముందు నిలబడి, గట్టిపడిన ముడి ఒకటి పట్టుకుని, దాన్ని అల్లినామెను అడిగింది.

"ఇదేటి, ఇంత లావుగుంది?"

"కూలి ఇయ్యలేదు. రెండు వారాలు."

"మావోడికి అడ్వాన్సు కింద కోసేసినారు. మాకు ముడి లేదు. ఎయ్యాల్సింది."

అప్పటికే వల కట్టేశాం. అయినా ఆమె దారం అడిగి తీసుకుని, తన వైపుకి వెళ్లి, వేలాడుతున్న వలలోనే తన వరుసలో మూడు ముడులు వేసింది. ఈ ఐదు నెలల్లో ఒక వల నుంచి ఇంకో వలకి ఏదైనా దాటిందంటే ఆ మూడు ముడులే. ఫొటోలో అవి సరిగా కనిపించవు కూడా.

తర్వాత శ్రీకాకుళంలో ఒక హాల్లో నాలుగు రోజులు ప్రదర్శన పెట్టాం. రెండు వైపుల నుంచీ పదహారు మంది ఆడవాళ్లు రెండు ఆటోల్లో వచ్చారు. గేటు దగ్గర వాళ్లను ఆపి, లోపల పని ఏమిటని అడిగారు. నేను కిందికి వచ్చేసరికి పది నిమిషాలైంది. ఆ పది నిమిషాలూ పదహారు మందీ గేటు బయట ఒకే చెట్టు నీడలో, ఒకే గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆ దృశ్యం చూసి నాకు సిగ్గూ కోపమూ రెండూ వచ్చాయి. పిలిచినదాన్ని నేను, గేటు దగ్గర ఉండాల్సింది నేనే. లోపలికి వచ్చాక ఒకావిడ వల అంచు సరిచేసింది, ఎవరూ అడగకుండానే. అక్కడి చూపరులకు ఖాళీలోంచి నడవడం ఇబ్బంది కాలేదు. పట్నంవాళ్లు సెల్ఫీలు తీసుకున్నారు. ఖాళీ ఏమిటని అడిగినవాళ్లకి రోడ్డు కొలత చెప్తే, కొందరు "మా ఊళ్లో కూడా" అని ఆగిపోయారు. ఒక రిటైర్డ్ టీచరు మాత్రం మర్నాడు మళ్లీ వచ్చి, తన ఊళ్లో చెరువు గట్టు దగ్గర అలాంటి చోటు ఎంత వెడల్పో కొలిచి, కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం నా దగ్గర ఉంది.

రైల్వే స్టేషన్‌లో, ఆముదాలవలస ప్లాట్‌ఫాం మీద ఒక రోజు కట్టాలని ప్రయత్నించాను. అనుమతి రాలేదు.

ఇప్పుడు

పందిట్లో ఏమీ మారలేదు. ఏప్రిల్ చివర్లో మగవాళ్లు తిరిగొచ్చాక ఒకసారి వెళ్లాను. గంగమ్మ పండగ ఏర్పాట్లు జరుగుతున్నాయి. కాలనీవాళ్లు ఎక్కడ నిలబడేవారో అక్కడే నిలబడ్డారు. ఒక ప్రదర్శనతో అది మారిపోతుందని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. నా పని పద్ధతి మాత్రం మారింది. ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా, నీడ ఎక్కడుందని చూసే ముందు, ఇక్కడికి ఎవరు రారు అని అడుగుతున్నాను. అది అందరి ముందూ అడిగితే జవాబు రాదు, విడిగా అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకి వారం రోజులు కేటాయిస్తున్నాను.

పేట వల బడి బీరువాలో ఉంది. ఉప్పు గాలికి నూలు కాస్త పసుపెక్కింది. కాలనీ వల పెద్దావిడ ఇంట్లో ఉంది. ఆమె చిన్నకొడుకు మళ్లీ చెన్నై వెళ్లాడు. గ్రాంటు అయిపోయింది, నెలకు 2,000 రూపాయలు లేవు, అల్లమని ఎవరూ అడగడం లేదు. పోయిన నెల ఆమె ఫోను చేసింది.

"దారం అయిపోనాదమ్మా. ఇంకా పంపించు."

పొందూరు వెళ్లి నాలుగు చిలపలు తెచ్చి, పురి పెట్టించి పంపాను.